మా వదిన కొలతలు, మా అన్నయ్య ఆటపెట్టె

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఇది మా ఇంట్లో అందరూ అనే మాటే, నేనూ కాదనను. మా వదిన నోట్లో మాత్రం బండరాయి వేసినా నాని, మెత్తబడి, అక్కడే ఉండిపోతుంది. ఇరవై ఏడేళ్ళుగా ఆవిడ ఆడవాళ్ళకి బట్టలు కుడుతోంది. ఎవరి నడుము ఏ ఏడు ఎంత పెరిగిందో, ఎవరి భుజం ఒకటి ఎత్తుగా ఒకటి పల్లంగా ఉంటుందో, ఎవరు నెల తప్పారో మొగుడికంటే ముందే ఆవిడకి తెలుసు. అందులో ఒక్క ముక్క బయటికి పొక్కి ఉంటే మా చుట్టుపక్కల నాలుగు వీధుల్లో సగం సంసారాలు రచ్చకెక్కి ఉండేవి. పొక్కలేదు. అందుకే ఆవిడ దగ్గరికి ఆడవాళ్ళు రెండు బస్సులు మారి మరీ వస్తారు.

నేను అన్నయ్యకి చెల్లెల్ని. పక్క సందులో ఉంటాను. పొద్దున్నే మా ఇంట్లో పని తెముల్చుకుని వచ్చి, వదిన కుట్టినవాటికి హుక్కులూ కాజాలూ వేస్తాను, అంచులు మడిచి చేతికుట్టు కుడతాను. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు గానీ, ఆ ఇంట్లో నా మాట చెల్లిన రోజు ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు.

వదిన కొలతలు కాగితం మీద రాయదు. కొత్తవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. పని మొదలుపెట్టిన రోజుల్లో అందరిలాగే పుస్తకంలో పేరు వేసి, పక్కన అంకెలు వేసేదట. ఒకసారి ఒకావిడ తన వంతు కోసం కూర్చుని, ఊసుపోక ఆ పుస్తకం తిరగేసి, తన తోటికోడలి నడుము కొలత చూసుకుని వెళ్ళి భోజనాల దగ్గర పదిమందిలో చెప్పింది. ఆ తోటికోడలు వచ్చి వదినని పల్లెత్తు మాట అనలేదు. ఇచ్చిన గుడ్డ వెనక్కి తీసుకుని వెళ్ళిపోయింది, అంతే. ఆ రోజే వదిన పుస్తకాన్ని పొయ్యిలో పెట్టింది. అప్పట్నుంచి మనిషికొక గుడ్డపట్టీ. ఒక కొస నుంచి మొదలుపెట్టి, ఛాతీ ఎంతవరకు వస్తే అక్కడ ఒక గాటు, నడుము దగ్గర రెండు గాట్లు, చేతి పొడుగు దగ్గర ఒక దారం ముడి. పేరు ఉండదు, అంకె ఉండదు. బీరువా తలుపు లోపలి వైపు రెండొందల పట్టీలు వేలాడుతూ ఉంటాయి. ఎవరి పట్టీ ఏదో ఆవిడ ఒక్కదానికే తెలుసు.

వచ్చేవాళ్ళలో ఆడపిల్లల బడికి పెద్ద టీచరుగారు ఒకరు ఉన్నారు. పొడుగాటి మనిషి, గొంతు పెంచకుండానే గదంతా నిశ్శబ్దమయ్యే రకం. మూడు నెలలకోసారి, మంగళవారం నాడు, అందరూ వెళ్ళిపోయాక చివర్లో వస్తారు. ఆవిడ వస్తే వదిన నా వైపు చూసి, "అమ్మాయ్, నువ్వు అలా మేడ మీదికెళ్ళి ఆరేసిన బట్టలు తీసుకురా" అంటుంది. బట్టలు ఆరేయని రోజున కూడా అంటుంది. ఐదేళ్ళ నుంచి ఇదే వరస. అందరి ముందూ సూదీ దారంతో కూర్చునే నేను, ఈవిడ ముందు ఎందుకు పనికిరాను? అంత గొప్పా ఈవిడ? ఒకటి రెండుసార్లు అడిగాను కూడా. వదిన మిషను తొక్కుతూనే ఉంది.

ఇలా ఉండగా అన్నయ్య మోకాలికి ఆపరేషను జరిగింది. ముప్ఫై ఏళ్ళు కదిలే బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మోకాలు మరి. కాలు కదిలించడానికి రోజూ ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. ఆవిడ చెప్పిన కసరత్తులు అన్నయ్య చేసేవాడు కాదు. "లెక్కపెట్టుకుంటూ కాలు ఎత్తడం, దించడం, దీనికంటే బస్సు తోయడం నయం" అనేవాడు. ఆవిడ విసిగి, నిలబడి కాళ్ళూ చేతులూ ఊపుతూ ఆడే ఆటలున్నాయి, ఆ పెట్టె ఒకటి కొనుక్కోండి అంది. అప్పటికే డిపోలో అన్నయ్యతో పనిచేసిన డ్రైవరు ఒకాయన అది కొన్నాడు. ఇంకేముంది, వారం తిరిగేసరికి హాల్లో టీవీ కింద ఆటపెట్టె, టీవీ నెత్తిన దాని కెమెరా వెలిశాయి.

దానికి చేతిలో పట్టుకునేది ఏమీ ఉండదు. ఎదురుగా నిలబడి బంతి విసిరినట్టు చెయ్యి ఊపితే టీవీలో బంతి దొర్లుతుంది, అవతల నిలబెట్టిన బుడ్లు పడిపోతాయి. మనిషి ఎక్కడ నిలబడ్డాడో, మోకాలు ఎంత వంచాడో కెమెరా చూస్తుంది. మాట కూడా వింటుంది. మొదటి రోజు అది ఏవేవో అడిగింది, అరవై పేజీల పత్రం చూపించింది, అన్నయ్య ప్రతిదానికీ "సరే" నొక్కుతూ పోయాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చిరిగిన నోటు ఒక్కటి కూడా వెలుగులో పెట్టి చూడకుండా పుచ్చుకోని మనిషి.

మాట వినడం దగ్గరే మా ఇంట్లో నవ్వులు మొదలయ్యాయి. అన్నయ్య "మొదలుపెట్టు" అని మూడుసార్లు అరిస్తే గానీ అది కదిలేది కాదు. వదిన వంటింట్లోంచి మామూలుగా, "ఇక ఆపండి, అన్నం చల్లారిపోతోంది" అంటే చాలు, టక్కున ఆగిపోయేది.

"ఈ ఇంట్లో నా మాట వినేది ఇదొక్కటేరా భగవంతుడా," అనేది వదిన.

"నువ్వు దానికి లంచం పెడుతున్నావు," అనేవాడు అన్నయ్య.

వంటింట్లో ఉన్న వదిన మాట హాల్లో పెట్టెకి వినిపిస్తోందంటే అది ఎప్పుడూ చెవులు రిక్కించుకునే ఉందన్న ఆలోచన మా ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. గోడలకి చెవులుంటాయని సామెత చెప్పుకుంటాం గానీ, చెవులున్న పెట్టెని కొని తెచ్చుకుని నట్టింట్లో పెట్టుకున్నప్పుడు ఆ సామెత ఎవరికీ గుర్తుకు రాదు.

అన్నయ్య మోకాలి వల్ల ఇంకో మార్పు కూడా వచ్చింది. అంతకుముందు వదిన లోపలి గదిలో కొలతలు తీసేది. ఇప్పుడు ఆ గదిలో అన్నయ్య మంచం, ఊతకర్రలు, మందులు. అందుకని కొలతలు హాల్లోకి మారాయి. మంగళవారం, శుక్రవారం పదకొండు గంటలకల్లా అన్నయ్య టీవీ కట్టేసి, కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చి పేపరు చదువుకుంటూ కూర్చోవాలి. వెంటనే వదిన వీధి తలుపు గడియ వేసి, కిటికీ రెక్కలు మూసి, తెరలు లాగి, తాళంచెవి కన్నంలో గుడ్డపేలిక కుక్కేది. ఆ గుడ్డపేలిక కుక్కడం చూసి నేను నవ్వేదాన్ని. చీమ దూరే సందు లేకుండా అన్నీ మూసేవాళ్ళం. టీవీ నెత్తిన ఉన్న కెమెరాని మాత్రం ఇద్దరం చూడను కూడా చూడలేదు. నేనైతే వారానికోసారి దాని మీద దుమ్ము కూడా తుడిచేదాన్ని.

అన్నయ్య టీవీ కట్టేసేవాడే గానీ పెట్టె కట్టేసేవాడు కాదు. కట్టేస్తే సగంలో ఉన్న పందెం పోతుందట. డిపో పాతకాపులు ఐదుగురూ తలా ఒక పెట్టె కొని, ఎవరింట్లో వాళ్ళు ఆడుతూ, మార్కులు ఒకరికొకరు చూసుకునేవారు.

నాలుగు నెలలు గడిచాక ఒక ఆదివారం పొద్దున ఆ డ్రైవరుగారు ఫోన్ చేశాడు. "ఏం కండక్టరూ, మీ ఇంట్లో రెండో ఆటగాడు ఎవరయ్యా? అతిథి అని రాసొస్తోంది. నీకంటే రెట్టింపు మార్కులు. మంగళ, శుక్రవారాల్లో మాత్రమే ఆడుతున్నాడు."

అన్నయ్య ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు. "చెప్పకుండా ఆడుతున్నావా?"

నాకు ఒళ్ళు మండింది. హుక్కులు కుట్టి కళ్ళు పోగొట్టుకుంటుంటే ఆటలా నాకు? ఆ మాటే అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అన్నాడు. అయితే పెట్టె తెరువు, ఆ రెండో ఆటగాడు ఎవరో ఇప్పుడే తేలుద్దాం అన్నాను. వదిన చేస్తున్న పని వదిలేసి వచ్చింది, మా ఇద్దరినీ విడదీయడానికి.

అన్నయ్య వెతికి వెతికి "మీ హుషారు క్షణాలు" అన్నచోట నొక్కాడు. నలభై ఒక్క ఫోటోలు అని వచ్చింది. మొదటిది తెరుచుకుంది. మా హాలు. వదిన వీపు. వదిన ఎదురుగా, లోపలి బట్టలతో, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ బ్రెడ్డు దుకాణం ఆవిడ. కింద పెద్ద అక్షరాలతో "భలే".

వదిన రెండు చేతులూ అన్నయ్య కళ్ళకి అడ్డం పెట్టింది. "లేవండి," అంది. "బయటికెళ్ళండి."

"నేనేం చూడలేదోయ్."

"చూడలేదు కాబట్టే వెళ్ళమంటున్నాను."

ఆయన కర్ర కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. నేనూ వదినా కూర్చుని ఒక్కొక్కటే చూశాం. సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ ఆటలో "నేనూ ఆడతాను" అని చెప్పాలంటే కెమెరా ముందు నిలబడి రెండు చేతులూ పైకెత్తాలి. కొలతలకి వచ్చిన ప్రతి మనిషికీ వదిన మొట్టమొదట చెప్పే మాట ఏమిటి? చేతులు పైకెత్తండి. తర్వాత పక్కలకి చాపండి, ఇటు తిరగండి, అటు తిరగండి, కొంచెం వంగండి. టీవీ చీకటిగా ఉన్నా లోపల పెట్టె మేలుకునే ఉంది. ఎవరో కొత్త ఆటగాడు వచ్చి బాగా ఆడుతున్నాడనుకుని మార్కులు వేసుకుంటూ, మురిసిపోయి ఫోటోలు తీసుకుంటూ ఉంది. బ్యాంకులో పనిచేసే ఆవిడకి "వేగం పెంచండి". పోస్టాఫీసు ఆవిడకి "మీకు సాటి లేదు". అంత కంగారులోనూ నాకు నవ్వొచ్చింది. వదినకి రాలేదు.

పద్నాలుగో ఫోటో పెద్ద టీచరుగారిది. అందులో ఏముందో రాయవచ్చో లేదో తర్వాత ఆవిడనే అడిగాను, రాయమన్నారు. ఆవిడ చేతులెత్తి పక్కకి తిరిగి నిలబడి ఉన్నారు. ఛాతీకి ఒక వైపు ఏమీ లేదు. చదునుగా ఉన్న ఆ చోట అడ్డంగా, పొడుగ్గా, ఆపరేషను కుట్టు. వదిన చేతిలో, ఆ ఖాళీ చోట పెట్టుకోవడానికి దూదీ సన్నటి గాజుపూసలూ నింపిన చిన్న దిండు ఉంది. ఆ దిండ్లు నాకు తెలుసు. మధ్యాహ్నాలు వదిన తక్కెడలో తూచి తూచి కుట్టేది. సూదులు గుచ్చుకునే దిండు అనుకుని ఒకసారి నేను సూది గుచ్చబోతే చేతి మీద ఒక్కటి వేసింది. ఎన్నడూ చెయ్యి చేసుకోని మనిషి కొట్టిందని నేను రెండు రోజులు మాట్లాడలేదు.

"ఆవిడ వాళ్ళమ్మకి కూడా తెలీదు," అంది వదిన. "డాక్టరుకీ, నాకూ. అంతే."

ఇప్పుడు నాకు కూడా తెలిసింది. ఐదేళ్ళు నేను ఆవిడ మీద పెంచుకున్న ఉక్రోషమంతా ఏమైపోయిందో తెలియదు. సిగ్గేసింది.

నేను మామూలు మనిషిలాగే ఆలోచించాను. అన్నీ తుడిచేద్దాం, పెట్టె అటకెక్కిద్దాం, ఎవరికీ చెప్పొద్దు అన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది వదినా అన్నాను. చెప్తే ఒక్కరు కూడా మళ్ళీ మన గడప తొక్కరు అన్నాను.

"బయటికెళ్ళిందో లేదో ముందు తెలియాలి," అంది వదిన.

పెట్టె అట్ట మీదున్న కంపెనీ నంబరుకి ఫోన్ చేసింది. అరగంట పాట వినిపించి ఒక అమ్మాయి పలికింది. వదిన ఫోను గట్టిగా వినబడేలా పెట్టింది.

"మీ ఫోటోలు సాధారణంగా మీ పెట్టెలోనే ఉంటాయండి," అంది ఆ అమ్మాయి.

"సాధారణంగా అంటే ఏంటమ్మా?"

"అంటే ఆటను మెరుగుపరచడానికి అప్పుడప్పుడు కొన్నిటిని మావాళ్ళు పరిశీలించే అవకాశం ఉంటుందండి. మీరు ఒప్పుకున్న పత్రంలో ఉంది."

"మావి చూశారా?"

"అది చెప్పే వీలు ఉండదండి."

"సరే. మా మాటలు?"

"పిలిస్తేనే వింటుందండి."

"పిలిచామో లేదో తెలియాలంటే ముందు నుంచీ వింటూ ఉండాలి కదమ్మా."

ఆ అమ్మాయి, "ఇంకేమైనా సహాయం కావాలా అండీ?" అంది.

అన్నయ్యకి ఫోటోల గురించి వివరం చెప్పలేదు. "కొలతల వేళ ఫోటోలు పడ్డాయి. మీ స్నేహితులకి వెళ్ళాయో లేదో మీరు తెలుసుకోవాలి" అని మాత్రం చెప్పింది వదిన. ఆయన మొహం చిన్నబోయింది. మర్నాడు కర్ర పట్టుకుని బస్సెక్కాడు. రెండు రోజులు ఐదుగురి ఇళ్ళకీ తిరిగాడు. "నీ పెట్టె ఎలా పనిచేస్తోందో చూద్దాం" అని వాళ్ళ టీవీల ముందు కూర్చుని, ఒక్కొక్కరితో రెండేసి ఆటలు ఓడి, పెట్టెలో ఫోటోలు ఉండే చోట్లన్నీ తెరిచి చూసి వచ్చాడు. వాళ్ళకి మార్కులు తప్ప ఏమీ రాలేదు. మోకాలు వాచిపోయింది గానీ నొప్పి అని ఒక్క మాట అనలేదు. కెమెరా పీకేసి వదిన చేతికిచ్చి, "పెట్టె కూడా పారెయ్యమంటావా?" అన్నాడు.

"ముందు పత్రం చదవండి," అంది వదిన. అరవై పేజీలూ భూతద్దం పెట్టుకుని చదవడానికి ఆయనకి నాలుగు రోజులు పట్టింది. మధ్య మధ్యలో "ఓరి వీళ్ళ దుంప తెగ" అనడం మా ఇంటి దాకా వినిపించేది.

ఆ వారమంతా వదిన తన దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో ఫోటో పడ్డ, టీచరుగారు కాక మిగిలిన పన్నెండు మందినీ ఒక్కొక్కరినే పిలిచి చెప్పింది. వంటింట్లో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పి, వాళ్ళ ఫోటో వాళ్ళకి చూపించి, వాళ్ళ ఎదురుగానే తుడిచేసేది. తర్వాత వాళ్ళ కొలతపట్టీ తీసి వాళ్ళ చేతిలో పెట్టేది. ఉంచమంటే ఉంచుతాను, తీసుకెళ్ళినా నాకేం బాధ లేదు అనేది. ఆ రెండో మాట అబద్ధం. బ్యాంకు ఆవిడ పట్టీ సంచిలో వేసుకుని వెళ్ళినప్పుడు వదిన పొయ్యి మీద ఉత్త గిన్నె పెట్టి, అది మాడేదాకా చూస్తూ నిలబడింది. ఇంకో ఇద్దరు కూడా తీసుకెళ్ళారు. ఒకావిడ వాళ్ళాయన్ని పంపి తిట్టించింది. బ్రెడ్డు దుకాణం ఆవిడ మాత్రం తన ఫోటో తేరిపార చూసి, "ఇంత లావున్నానా? ఒంటికి కాస్త పట్టేలా కుట్టమ్మా, నువ్వు మరీ వదులు పెడుతున్నావు" అని, పట్టీ తనే బీరువాకి తగిలించి వెళ్ళింది.

పెద్ద టీచరుగారికి మాత్రం ఫోను చెయ్యలేకపోయింది. చేతిలోకి తీసుకునేది, పెట్టేసేది. అన్నం సరిగ్గా తినలేదు. "ఆవిడ నా ఒక్కదాని దగ్గరే ఒళ్ళు దాచుకోకుండా నిలబడింది అమ్మాయ్. నేనిప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను" అని ఒకరోజు నా దగ్గర ఏడ్చింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది అని నా నాలిక చివరి దాకా వచ్చింది. ఆగిపోయాను. ఇంతలో ఆవిడ వచ్చే మంగళవారం రానే వచ్చింది.

టీచరుగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. అలవాటు కొద్దీ నేను మేడ మీదికి వెళ్ళడానికి లేచాను. "నువ్వుండు," అంది వదిన. టీచరుగారు మా ఇద్దరి వైపూ చూశారు.

వదిన నిలబడే చెప్పింది. కెమెరా సంగతి, చేతులెత్తే సంగతి, కంపెనీ అమ్మాయి చెప్పిన "సాధారణంగా" అన్న మాట, ఏదీ దాచలేదు.

"ఎవరెవరు చూశారు?" అన్నారు టీచరుగారు.

"నేను చూశాను. ఈవిడ చూసింది. మా ఆయన్ని బయటికి పంపేశాను. కంపెనీవాళ్ళ సంగతి నేను చెప్పలేనండీ. ఎవరూ చూడలేదని మీకు మాటివ్వలేను."

"ఉందా ఇంకా?"

"మీకు చెప్పకుండా తుడిచెయ్యడానికి చెయ్యి రాలేదు."

"చూపించండి."

వదిన టీవీ పెట్టింది. టీచరుగారు లేచి దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. తెర మీద ఆవిడ, కింద "అద్భుతం". నేను గోడ వైపు తిరిగిపోయాను. చాలాసేపటికి మళ్ళీ తిరిగి చూశాను. ఆవిడ ఇంకా చూస్తూనే ఉన్నారు.

"ఆపరేషనయ్యాక మా స్నానాల గదిలో అద్దం తీయించేశాను," అన్నారు మెల్లగా. "ఐదేళ్ళలో ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఎప్పుడో ఒకరోజు ధైర్యం చేసి చూసుకుందాంలే అనుకున్నాను. నాకంటే ముందు ఇది చూసింది."

వదిన కళ్ళు తుడుచుకుంది.

"నాకు కోపంగా ఉంది," అన్నారు టీచరుగారు. "మీ మీద కాదు అని అబద్ధం చెప్పను. మీ మీద కూడా."

"ఉండాలండీ," అంది వదిన. బీరువా తెరిచి నీలం పట్టీ ఒకటి తీసి ఆవిడ చేతికి ఇవ్వబోయింది. టీచరుగారు చెయ్యి చాపలేదు.

"అది తీసుకుని ఎక్కడికి వెళ్ళమంటారు? ఇంకో మనిషికి మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకునే ఓపిక నాకు లేదు." టీవీ వైపు తిరిగారు. "ఎక్కడ నొక్కాలి?"

వదిన చూపించింది. తుడిచేస్తే మళ్ళీ తిరిగిరాదు, సరేనా, అని అడిగింది పెట్టె. టీచరుగారు "సరే" నొక్కారు. ఆ తర్వాత నేలమీది తీగ వెంటే వెళ్ళి, గోడకున్న ప్లగ్గు కూడా తనే పీకారు.

ముగ్గురం వంటింట్లోకి వెళ్ళాం. వదిన తలుపు మూసింది. టీచరుగారు హుక్కులు తీసుకుంటూ నా వైపు చూశారు.

"నువ్వు ఎవరికైనా చెప్పావా?"

"లేదండీ. మా ఆయనకి కూడా చెప్పలేదు. తొమ్మిది రోజులైంది."

"ఎలా ఉంది?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "కష్టంగా ఉందండీ. రోజూ ఎవరికో ఒకరికి చెప్పేసి ఏడవాలనిపిస్తోంది."

"నాకు ఐదేళ్ళు," అన్నారావిడ. అని, చేతులు పైకెత్తారు.

వదిన పట్టీ ఆవిడ ఛాతీ చుట్టూ తిప్పబోయింది, ఒక కొస జారిపోయింది. నేను వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను.